ట్రైఈథైల్ సిట్రేట్‌తో ఎంటెరిక్ కోటింగ్: తూకం నుంచి యాసిడ్ పరీక్ష దాకా

ఫార్ములేషన్ ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. బ్యాచ్ షీట్‌లో "టీఈసీ 10 శాతం" అని ఉంది, టీఈసీ అంటే ట్రైఈథైల్ సిట్రేట్, మాత్ర మీది పొరని మెత్తబరిచే ద్రవం. దేంట్లో 10 శాతమో రాయలేదు, నేనూ అడగలేదు. బకెట్‌లో పాలలా తెల్లగా ఉన్న 470 గ్రాముల పాలిమర్ ద్రవం (ఆరాక పొరగా మారేది ఇదే) కనిపిస్తోంది కదా అని అందులో పదో వంతు, అంటే 47 గ్రాములు తూచి పోసేశాను. స్ప్రే మొదలైన గంటకల్లా పాన్‌లో (మాత్రల్ని దొర్లిస్తూ పూత వేసే గిన్నెలో) మాత్రలు రెండేసి మూడేసి చొప్పున, బెల్లం పాకం తగిలిన మరమరాల్లా అతుక్కుపోయాయి. వేయాల్సింది 14 గ్రాములు. 3 కిలోల మాత్రలు చెత్తబుట్టలోకి వెళ్లాయి, నేను మూడు రోజులు ఎవరి మొహం చూడలేక తిరిగాను.

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పరవాడలోనో కొత్తగా చేరిన పిల్లలు, ఎం.ఫార్మసీ ప్రాజెక్టు మధ్యలో ఉన్నవాళ్లు ఇదే తప్పు చేయడం ఆ తర్వాత చాలాసార్లు చూశాను. అందుకే ఈ పదార్థాన్ని ఎలా వాడాలో మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ఉదాహరణకి ఒక్కటే తీసుకుంటాను, ఎంటెరిక్ మాత్ర, అంటే కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాకే కరగాల్సిన మాత్ర.

ముందు ఈ పదార్థం సంగతి

నిమ్మకాయ పులుపంతా సిట్రిక్ ఆమ్లానిదే. 1784లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని నిమ్మరసం నుంచే స్ఫటికాలుగా విడదీశాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎవరూ నిమ్మకాయలు పిండరు, ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్లబూజుకి చక్కెరలు మేపి పులియబెట్టి తీస్తారు. ఈ ఆమ్లానికి మూడు ఆమ్ల చేతులు ఉంటాయి. ఒక్కో చేతికి ఒక్కో ఇథనాల్ అణువు తగిలి నీరు బయటికి పోతే మిగిలేదే ట్రైఈథైల్ సిట్రేట్. అణుభారం సుమారు 276. పులుపు పూర్తిగా పోయి, రంగూ వాసనా లేని నూనెలాంటి ద్రవంగా మారుతుంది, రుచి మాత్రం చేదు. యూరప్‌లో ఆహార సంకలిత సంఖ్య ఈ1505. అమెరికాలో ఆహారాన్ని, మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ దీన్ని ఆహారంలో సురక్షితమని గుర్తించిన పదార్థాల జాబితాలో ఉంచింది.

ఆహారంలో దీని ప్రధాన పని ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన పొడిని బాగా నురగ వచ్చేలా చేయడం, ఫ్లేవర్లను కరిగించి మోయడం. ఇది చదివి కేకుల్లో వేద్దామని ఆన్‌లైన్‌లో వెతకకండి, ఇంట్లో నాలుగు గుడ్లు గిలక్కొట్టడానికి నాలుగు చుక్కల నిమ్మరసం చాలు.

కోటింగ్‌లో దీని పని వేరే. బొబ్బట్ల పిండి గుర్తు తెచ్చుకోండి. ఉత్త నీళ్లతో కలిపిన మైదా సాగదీస్తే తెగుతుంది, అదే పిండిని నూనె పోసి మర్దించి గంటో రెండు గంటలో నాననిస్తే అరిటాకు మీద ఎంత పల్చగా తట్టినా చిరగదు. పాలిమర్ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఈ చిన్న అణువులు వాటి మధ్యలోకి దూరి ఆ పట్టు సడలిస్తాయి. దాంతో గాజులా పెళుసుగా ఉండే పొర వంగడం నేర్చుకుంటుంది. ఇలాంటి పని చేసేవాటినే ప్లాస్టిసైజర్లు అంటారు. నూనె ఎక్కువైతే పిండి చేతికి జిడ్డుగా అంటుకుంటుంది, నాననివ్వకపోతే వేసిన నూనె దండగ. ఇక్కడా అంతే.

1. సరైన సిట్రేట్‌ని ఎంచుకోండి

సిట్రేట్లు నాలుగు రకాలు దొరుకుతాయి, పేర్లు కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి స్టోర్స్‌లో డబ్బా మీద పేరు రెండుసార్లు చదవండి. ట్రైఈథైల్ సిట్రేట్ లీటరు నీటిలో దాదాపు 65 గ్రాములు కరుగుతుంది. దానికి ఎసిటైల్ తగిలిస్తే వచ్చే ఎసిటైల్ ట్రైఈథైల్ సిట్రేట్ లీటరుకి 7 గ్రాముల చుట్టుపక్కలే కరుగుతుంది. ట్రైబ్యూటైల్ సిట్రేట్, ఎసిటైల్ ట్రైబ్యూటైల్ సిట్రేట్ అయితే నీళ్లలో దాదాపు కరగవు. ఈ చివరిదాన్ని ఆహారం చుట్టే పల్చటి ప్లాస్టిక్ ఫిల్ముల్లోనూ పిల్లల బొమ్మల్లోనూ థాలేట్లకి (ఇవి ఇంకో రకం ప్లాస్టిసైజర్లు) బదులు వాడుతున్నారు.

నీళ్లలో చేసే కోటింగ్‌కి మొదటిదే హాయి, తొందరగా కరిగి తొందరగా పాలిమర్‌లోకి చేరుతుంది. కరగనివాటిని వాడాలంటే గంటల తరబడి కలుపుతూ కూర్చోవాలి. పాత ఫార్ములాల్లో డైఈథైల్ థాలేట్, డైబ్యూటైల్ థాలేట్ కనిపిస్తాయి. వీటిలో డైబ్యూటైల్ థాలేట్‌ని, డీఈహెచ్‌పీ అనే ఇంకో థాలేట్‌ని మందుల్లో వాడొద్దని 2012లో ఎఫ్‌డీఏ కంపెనీలకి మార్గదర్శకం ఇచ్చింది. కాబట్టి కొత్త ఫార్ములాలో థాలేట్ జోలికి పోకండి.

2. మాత్రని పరీక్షించండి

కోటింగ్ చెడితే అందరూ కోటింగ్‌నే తిడతారు, సగం సార్లు తప్పు లోపలి మాత్రది. అంచులు రాలే మాత్ర పాన్‌లో దొర్లుతూ పొడి వదులుతుంది, ఆ పొడి పొరలో ఇరుక్కుని సూదిమొనంత దారులు చేస్తుంది, యాసిడ్‌కి ఆ దారి చాలు. ఫ్రయబిలిటీ, అంటే దొర్లిస్తే మాత్ర రాల్చుకునే బరువు, ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) ఒప్పుకునే 1 శాతం దగ్గర ఆగితే నాకు సరిపోదు, 0.3 లోపు ఉంటే గానీ పాన్‌లో వేయను. మాత్ర రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండాలి. బల్లపరుపుగా ఉంటే నాణేల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుని అతుక్కుంటాయి.

మందు ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రబెప్రజోల్ లాంటిదైతే ఇంకో జాగ్రత్త ఉంది. ఇవి ఆమ్లం తగిలితే పాడయ్యే రకం, మనం వేసే ఎంటెరిక్ పాలిమర్‌లోనే ఆమ్ల గుంపులు ఉంటాయి. రెండూ నేరుగా తగిలితే మాత్ర లోపల రంగు మారుతుంది. మధ్యలో హైప్రోమెల్లోస్ అనే వేరే పాలిమర్‌తో ఒక సబ్‌కోట్ (అడ్డుగా ఉండే లోపలి పూత) తప్పనిసరి.

3. గాజు పలకల మీద చిన్న ప్రయోగం

ఈ దశని అందరూ ఎగ్గొడతారు, నేను మాత్రం ఎగ్గొట్టనివ్వను. మనం వాడే పాలిమర్ మెథాక్రిలిక్ ఆమ్లం, ఈథైల్ ఆక్రిలేట్ కలిసిన కోపాలిమర్, నీటిలో 30 శాతం ఘనపదార్థంతో వస్తుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది యూడ్రాజిట్ ఎల్ 30 డి-55, పీహెచ్ 5.5 దాటాక కరుగుతుంది.

ఐదు చిన్న బీకర్లు తీసుకుని ఒక్కోదాంట్లో 10 గ్రాముల పాలిమర్ ద్రవం పోయండి. దాంట్లో పొడి పాలిమర్ (నీళ్లు పోగా మిగిలేది) 3 గ్రాములే అని గుర్తుపెట్టుకోండి. మొదటి బీకర్‌లో ఏమీ వేయకండి. తర్వాతి నాలుగింటికి వరసగా 0.15, 0.30, 0.45, 0.60 గ్రాముల టీఈసీ. అంటే 5, 10, 15, 20 శాతాలు. రెండు గంటలు మెల్లగా కలిపి, అంచు కట్టిన టెఫ్లాన్ లేదా గాజు పలకల మీద పోసి, 40 డిగ్రీల ఓవెన్‌లో మర్నాటి దాకా వదిలేయండి.

మర్నాడు పొరలు ఊడదీసి వేళ్ల మధ్య వంచి చూడండి. టీఈసీ లేనిది అప్పడంలా పటుక్కుమంటుంది, అసలు పలక మీంచి ముక్కలు కాకుండా రావడమే గొప్ప. 5 శాతంది కొంచెం వంగి విరుగుతుంది. 10, 15 దగ్గర పొర కాగితంలా వంగి వెనక్కి వస్తుంది. 20 దగ్గర మెత్తగా, వేలికి అంటీ అంటనట్టు ఉంటుంది, రెండు ముక్కలు కలిపి నొక్కి ఉంచితే విడిపోవడానికి మొరాయిస్తాయి. పాన్‌లో మాత్రలు చేసేదీ అదే పని. ఒక్కసారి చేత్తో ఇది చూశాక ఆ శాతాలు ఎందుకో ఎవరూ మళ్లీ చెప్పక్కర్లేదు.

మాత్రలకి నేను 10 శాతంతో మొదలుపెడతాను. పెల్లెట్లని (మందు ఉన్న చిన్న గుళికల్ని) కోట్ చేసి మళ్లీ మాత్రగా నొక్కే పనైతే పొర ఆ ఒత్తిడికి పగలకుండా సాగాలి కాబట్టి 15 నుంచి 20 దాకా వెళ్లాల్సి వస్తుంది.

4. లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. 300 మిల్లీగ్రాముల గుండ్రటి మాత్ర, వ్యాసం 10 మిల్లీమీటర్లు, మందం 4 అనుకుందాం. ఉపరితలం కట్టాలంటే వ్యాసాన్ని మందంతో గుణించి (40), వ్యాసం వర్గంలో సగం కలిపి (50), మొత్తాన్ని 3.14తో గుణించాలి. 90 ఇంటూ 3.14, సుమారు 283 చదరపు మిల్లీమీటర్లు, అంటే 2.83 చదరపు సెంటీమీటర్లు. ఉబ్బెత్తు మాత్రకి ఇది ఉజ్జాయింపు లెక్కే గానీ మొదలుపెట్టడానికి సరిపోతుంది.

యాసిడ్‌ని ఆపాలంటే చదరపు సెంటీమీటరుకి 4 నుంచి 6 మిల్లీగ్రాముల పొడి పాలిమర్ కావాలి. మధ్యలో 5 తీసుకుంటే మాత్రకి 14.1 మిల్లీగ్రాములు, మాత్ర బరువులో 4.7 శాతం. 3 కిలోల బ్యాచ్ అంటే 10,000 మాత్రలు. వాటికి పొడి పాలిమర్ 141 గ్రాములు.

ఇక మిగతావన్నీ ఈ 141 మీదే కట్టాలి. పాలిమర్ ద్రవం: 141ని 0.3తో భాగిస్తే 470 గ్రాములు. టీఈసీ 10 శాతం: 14.1 గ్రాములు. అతుక్కోకుండా వేసే టాల్క్ 50 శాతం: 70.5 గ్రాములు. ఘనపదార్థాల లెక్కలో టీఈసీని కూడా కలుపుకుంటే మొత్తం 225.6 గ్రాములు. స్ప్రే ద్రవంలో ఘనపదార్థం 20 శాతం ఉండాలంటే మొత్తం బరువు 1128 గ్రాములు, అందులోంచి పై మూడూ తీసేస్తే కలపాల్సిన నీళ్లు 573 గ్రాములు. గొట్టాల్లో మిగిలేది, ఎగిరిపోయేది ఉంటుంది కాబట్టి అన్నింటినీ ఒక 10 నుంచి 15 శాతం ఎక్కువ చేసుకోండి. మాత్ర బరువు 7.5 శాతం పెరిగినప్పుడు మనం అనుకున్న పొర పడినట్టు లెక్క.

బ్యాచ్ షీట్‌లో ఉత్తినే "10 శాతం" అని రాయకండి, "పొడి పాలిమర్ బరువులో 10 శాతం" అని పూర్తిగా రాయండి. మీ తర్వాత వచ్చేవాడు నాలాంటివాడు కావచ్చు. ఇంకోటి, టీఈసీ నీటికన్నా బరువు, మిల్లీలీటరు 1.14 గ్రాములు తూగుతుంది, కాబట్టి కొలజాడీతో కొలవకుండా తూచండి.

5. కలపడం

573 గ్రాముల నీళ్లు బీకర్‌లో తీసుకుని స్టిర్రర్ పెట్టి టీఈసీ పోయండి. నూనెలా ఉంది కదా పైన తేలుతుందనుకుంటారు, తేలదు. గుండ్రటి బొట్లుగా అడుక్కి జారుతుంది, కాసేపు అక్కడే మెరుస్తూ కూర్చుంటుంది, కలుపుతూ ఉంటే కొన్ని నిమిషాల్లో కనిపించకుండా పోతుంది. మన ద్రవంలో ఇది రెండున్నర శాతమే కాబట్టి పూర్తిగా కరగాలి. బొట్లు కనిపిస్తుంటే ఆగండి.

తర్వాత టాల్క్ కొద్దికొద్దిగా చల్లి హోమోజినైజర్‌తో పది నిమిషాలు బాగా తిప్పండి. ఇప్పుడు ఎంత గట్టిగా తిప్పినా ఫర్వాలేదు, ఇందులో ఇంకా పాలిమర్ లేదు.

పాలిమర్ డబ్బాని మెల్లగా తిప్పి కలిపి, వేరే గిన్నెలోకి తూచి, మామూలు ప్రొపెల్లర్ స్టిర్రర్ మీద పెట్టండి. టాల్క్ ద్రవాన్ని పాలిమర్‌లోకి సన్నటి ధారగా పోయాలి గానీ పాలిమర్‌ని టాల్క్‌లోకి కాదు. ఇక్కడ హోమోజినైజర్ పెడితే పని అయిపోయినట్టే, పాలు విరిగినట్టు గడ్డలు కడుతుంది. లవణాలు తగిలినా అదే గతి, రంగు వేయాలనుకుంటే ముందు చిన్న బీకర్‌లో కలిపి అరగంట చూడండి. విరిగిన పాలిమర్‌ని బాగుచేసే మంత్రం లేదు, పారబోయడమే.

నురగ వస్తే స్టిర్రర్ వేగం తగ్గించండి, మరీ మొండిగా ఉంటే సిమెథికోన్ ఒకట్రెండు చుక్కలు. అంతా కలిశాక కనీసం గంట, వీలైతే రెండు గంటలు మెల్లగా తిరగనివ్వండి. టీఈసీ నీళ్లలోంచి పాలిమర్ రేణువుల్లోకి చేరే సమయం ఇది, పిండి నానడం లాంటిదే. మేనేజర్ తొందరపెట్టినా ఈ గంట వదలకండి. చివరికి అర మిల్లీమీటరు జల్లెడలో వడపోసి, స్ప్రే అయ్యేంతవరకూ కలుపుతూనే ఉండండి, లేదంటే టాల్క్ అడుక్కి చేరి గన్ మూతి మూసేస్తుంది.

6. పాన్‌లో

మాత్రల్ని పోసి, దుమ్ము లాగేసి, బెడ్ (పాన్‌లో దొర్లే మాత్రల రాశి) 30 డిగ్రీలకి వచ్చేదాకా వేడిచేయండి. పొర సరిగ్గా ఏర్పడేది బెడ్ ఉష్ణోగ్రత 28 నుంచి 32 మధ్య ఉన్నప్పుడు. లోపలికొచ్చే గాలి 40, 50 మధ్య ఎక్కడో కుదురుతుంది. గాలి ఎంత పెట్టారన్నది ముఖ్యం కాదు, బెడ్ ఎంత ఉందో చూసుకోండి. వేడి ఎక్కువైతే చుక్క మాత్ర మీద పడేలోపే ఎండిపోయి గరుకుగా పొడిలా అంటుతుంది, తక్కువైతే తడిసి అతుక్కుంటాయి. హైదరాబాద్ వానాకాలానికీ ఏప్రిల్‌కీ గాలిలో తేమ తేడా చాలా ఉంటుంది. డీహ్యుమిడిఫైయర్ లేని ల్యాబ్‌లో ఒకే సెట్టింగ్ రెండు కాలాలకీ పనిచేయదు, నేను చూశాను.

స్ప్రే నిమిషానికి 5, 6 గ్రాములతో మొదలుపెట్టి, మొదటి పూత పడ్డాక 10 దాకా పెంచండి. ఈ బ్యాచ్‌కి సుమారు రెండు గంటలు పడుతుంది. ప్రతి 20 నిమిషాలకి పాన్ ఆపి గుప్పెడు మాత్రలు తీసి చూడండి, చేతిలో నొక్కి వదిలితే విడివిడిగా రాలాలి. కలిసి పడుతున్నాయంటే స్ప్రే తగ్గించండి. ఒక్కో గుప్పెట్లో వంద మాత్రలు తూచి బరువు పెరుగుదల రాసుకోండి.

7. ఆరబెట్టడం

స్ప్రే అయిపోగానే పాన్ ఆపేసి డబ్బాలో పోయకండి, పొర ఇంకా పచ్చిగానే ఉంటుంది. పాన్‌ని నెమ్మదిగా తిప్పుతూ పది, పదిహేను నిమిషాలు, తర్వాత ట్రేల్లో పల్చగా పరిచి 40 డిగ్రీల దగ్గర రెండు గంటలు. తొందరగా అవుతుందని 60 డిగ్రీల్లో రాత్రంతా పెట్టేవాళ్లున్నారు. టీఈసీ 294 డిగ్రీలకి గానీ మరగదు నిజమే, కానీ పల్చటి పొరలోంచి వేడికి కొద్దికొద్దిగా ఎగిరిపోతూనే ఉంటుంది. అది పోతే పొర మళ్లీ అప్పడమే.

8. యాసిడ్ పరీక్ష

ఆరు మాత్రలు విడివిడిగా తూచి, డిసింటిగ్రేషన్ యంత్రంలో (మాత్ర ఎప్పుడు విడిపోతుందో చూసేది) 37 డిగ్రీల దగ్గర 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రెండు గంటలు ఉంచండి. బయటికి తీశాక పగుళ్లు, మెత్తబడటం, ఉబ్బడం ఏమీ ఉండకూడదు. టిష్యూ మీద పైతడి అద్ది మళ్లీ తూచండి. బరువు 5 శాతం లోపు పెరిగితే నాకు నిశ్చింత, 10 దాటితే పైకి బాగానే కనిపించినా పొరలో ఎక్కడో దారి ఉందని అర్థం. తర్వాత అవే మాత్రల్ని పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో వేస్తే గంటలోపు విడిపోవాలి. మందు ఎంత కరిగి బయటికొచ్చిందో కొలిచే డిసల్యూషన్ పరీక్షలో అయితే ఆమ్లంలో రెండు గంటలకి బయటికొచ్చిన మందు 10 శాతం మించకూడదు.

ఫెయిలైతే మాత్రల్ని భూతద్దం కింద పెట్టండి. అంచు చుట్టూ, చెక్కిన అక్షరాల దగ్గర పగిలితే పొర పెళుసుగా ఉంది, టీఈసీని 12, 15కి పెంచి చూడండి. ఒక పక్క బల్లపరుపుగా మెరుస్తూ మచ్చ ఉంటే అక్కడ ఇంకో మాత్ర అతుక్కుని ఊడింది, టీఈసీ ఎక్కువైంది లేదా బెడ్ తడిసింది. ముందు బెడ్ సరిచేయండి, తర్వాతే ఫార్ములా ముట్టుకోండి. బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటే చుక్కలు పరుచుకోకముందే ఆరాయి, ఉష్ణోగ్రత తగ్గించండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

ఇవాళ పాసైన మాత్ర మూడు నెలలకి కూడా పాసవ్వాలి. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో పెట్టిన సీసాలు 1, 3, 6 నెలలకి తీసి ముందు సీసాని ఊరికే వంచండి, మాత్రలు గలగలమంటూ రాలితే మంచిదే. ముద్దగా కదిలితే తేమ, టీఈసీ కలిసి పొరని మెత్తబరిచాయి, సీసా మూత, డెసికెంట్ (తేమ పీల్చే పొట్లం) సంగతి చూడాలి.

మందులో కెమికల్ కలుపుతున్నారట కదా అని ఇంట్లో అడుగుతుంటారు. పై లెక్కలో ఒక్కో మాత్రలో ఉన్న టీఈసీ 1.4 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ నిపుణుల కమిటీ జేఈసీఎఫ్‌ఏ దీనికి పెట్టిన రోజువారీ పరిమితి శరీర బరువు కిలోకి 20 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి 1200. మా అమ్మకి ఈ లెక్క చెప్తే, "మరి మాత్ర అంత చేదెందుకురా?" అంది. ఆ చేదు మందుదమ్మా, నమిలావు గనక తెలిసింది. ఎంటెరిక్ మాత్ర నమలకూడదు, విరవకూడదు, అలా చేస్తే ఈ రెండు గంటల పనంతా నోట్లోనే ఖతం.